మా మిల్లులో డిజిటల్ పని చేసిపెట్టిన టీమ్: రెండు సీజన్లు వాడాక నా రివ్యూ

స్టార్ల సంగతి ముందే చెప్పేస్తాను. ఐదుకు నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ ఎందుకో కింద రాశాను, అది చదవకుండా ఎవరికీ అడ్వాన్సు ఇవ్వకండి.

మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో మేనేజర్‌గా చేస్తున్నాను, 18 ఏళ్లుగా ఇదే మిల్లు. ఇక్కడి సంగతి తెలియనివాళ్ల కోసం ఒక్క మాట: సాగర్ ఎడమ కాలువ కింద కోతలు మొదలైతే మా రోడ్డంతా ట్రాక్టర్లే. హార్వెస్టర్ కోసిన పచ్చి వడ్లు ఆరబెట్టకుండా ట్రాలీలో పోసుకుని రైతులు నేరుగా మిల్లుకే తెస్తారు, రాత్రి రెండింటికి కూడా కాంటా నడుస్తుంది, ఒక్కో బండి దగ్గర పది నిమిషాలు ఆలస్యమైతే వెనక లైను ఊరు దాటుతుంది. సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లకు ఈ లైను కనపడదు. నేను ఎవరినైనా కొలిచేది మాత్రం ఈ లైను దగ్గరే.

2022 వానకాలంలో ఒకసారి చేతులు కాల్చుకున్నాం. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వచ్చింది, పేరు అనవసరం. మిల్లు ఓనర్, మా సేటు ఏసీ గదిలో పెద్ద టీవీకి ల్యాప్‌టాప్ తగిలించి రంగురంగుల గ్రాఫులు చూపించారు. సేటు చూశారు, నేను చూశాను, బాగుందన్నాం. కాంటా గదిలో కూర్చునే మనిషికి గానీ, దిగుమతి చేసే హమాలీ మేస్త్రీకి గానీ చూపించాలని మా ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు. అక్టోబర్‌లో, సరిగ్గా కోతలు అందుకున్న వారంలో బిగించారు. ఒక్క బండి ఎంట్రీకి 14 గడులు నింపాలి, ఒక్కటి వదిలేసినా ముందుకు పోదు, బయట డ్రైవర్లు హారన్లు. మూడో రోజుకు కాంటా అన్న కీబోర్డు పక్కకు జరిపి పాత నోట్‌బుక్ తెరిచాడు. కంపెనీవాళ్లకు ఫోన్ చేస్తే, మీ స్టాఫ్‌కు కంప్యూటర్ రాదు సార్, ట్రైనింగ్ ఇప్పించండి అన్నారు. ఆ మనిషి రోజూ ఫోన్‌లో యూపీఐ కొడతాడు, కూతురి కాలేజీ ఫీజు ఆన్‌లైన్‌లో కడతాడు. రానిది ఆయనకు కాదు.

ఇంకొకటి. ఆ ఏడాది జూలై 18 నుంచి 25 కిలోల దాకా ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పెట్టారు కదా, దాంతో మార్కెట్‌లో 26 కిలోల బస్తా వచ్చింది. వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో బస్తా అంటే 25, లేదంటే 50. 26 కొడితే తీసుకోదు. మార్చమంటే దానికి వేరే కొటేషన్ పంపారు. డబ్బులు పోయాయి, పోతే పోయాయి. అంతకన్నా పెద్ద నష్టం ఏమిటంటే, ఆ తర్వాత ఏడాదిన్నర పాటు మిల్లులో "కంప్యూటర్" అనే మాట ఎత్తితేనే అందరూ మొహం తిప్పుకునేవాళ్లు.

ఇప్పుడు రివ్యూ రాస్తున్నది రెండో టీమ్ గురించి. నల్లగొండ నుంచి వస్తారు, ముగ్గురే, ఇద్దరబ్బాయిలు, ఒక అమ్మాయి. 2024 ఏప్రిల్‌లో మాట్లాడాం. యాసంగి వడ్లు జోరుగా వస్తున్నాయి, వెంటనే పెట్టేయండి అన్నారు సేటు. వాళ్లు కుదరదన్నారు. సీజన్ మధ్యలో కొత్త పద్ధతి తెస్తే మీ మనుషులు దాన్ని శత్రువులా చూస్తారు సార్, జూలైలో వస్తాం, ఈలోపు మీ లైను ఒకసారి చూసిపోతాం అన్నారు. చేతికి వచ్చిన బేరాన్ని మూడు నెలలు వెనక్కి జరిపినవాళ్లను నేను మొదటిసారి చూశాను. నాకు నమ్మకం కుదిరింది అక్కడే.

చూసిపోతామన్నవాళ్లు మూడు రోజులు కూర్చున్నారు. ఒక్క ల్యాప్‌టాప్ తెరవలేదు. ఒకబ్బాయి డ్రయ్యర్ దగ్గర, ఒకబ్బాయి హమాలీలతో దిగుమతి దగ్గర, అమ్మాయి కాంటా గదిలో.

రెండో రోజు మధ్యాహ్నం జరిగింది చెప్తాను, అసలు ఈ రివ్యూ రాయాలనిపించింది దాని వల్లే. అమ్మాయి కాంటా అన్న పక్కన స్టూలు వేసుకుని పాత చిట్టీల కట్ట తిరగేస్తోంది. బండి నంబరు, నిండు బరువు, ఖాళీ బరువు, తేమ, వడ్ల రకం, అన్నీ వరసగా ఉన్నాయి. కొన్ని చిట్టీల మీద మాత్రం తేమ అంకె పక్కన పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టి ఉంది. "అన్నా, ఈ సున్నా ఏంది?" అని అడిగింది. అన్న ఆ చిట్టీ తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "పైన పొడి, కింద తడి అని గుర్తమ్మా. దూరం నుంచి వచ్చిన ట్రాలీకి ఎండ తగిలి పైపొర ఆరిపోతది. పైనుంచి గుప్పెడు తీసి మీటర్ల పోస్తే 19 చూపిస్తది. అడుగున 24 ఉంటది. దించేటప్పుడు ఇంకోసారి చూడుమని మేస్త్రీకి సున్నా చుట్టి ఇస్త."

నేను గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాను. 18 ఏళ్లలో ఆ సున్నా ఎన్ని వందల సార్లు నా చేతుల మీదుగా పోయిందో, ఒక్కసారి కూడా అడగలేదు. హైదరాబాద్ కంపెనీ పెట్టిన 14 గడుల్లో సున్నాకు చోటు లేదు. అన్న నోట్‌బుక్ తెరిచేలోపు ఆ మూడు రోజుల్లో వచ్చిన వడ్లు పొడి, తడి కలిసి ఒకే గుట్టలో పడ్డాయి, లోపల వేడెక్కాయి, బియ్యం రంగు తిరిగాయి. అప్పుడు మేము డ్రయ్యర్ ఆపరేటర్‌ను తిట్టాం. ఆయన తప్పు కాదని నాకు తెలిసింది ఈ సున్నా విన్న రోజు. సాయంత్రం వెళ్లి ఆయనకు క్షమించమని చెప్పాను.

ఇప్పుడు మా ట్యాబ్‌లో తేమ గడి పక్కన గుండ్రటి బటన్ ఉంది. దాని పేరు కూడా "సున్నా" అనే పెట్టారు. నొక్కితే మేస్త్రీ ఫోన్‌కు ట్రాలీ నంబరుతో మెసేజ్ పోతుంది. మొత్తం గడులు ఐదే. మిగతావి బండి నంబరు కొట్టగానే పాత ఎంట్రీల నుంచి అవే వస్తాయి, బరువు కాంటా నుంచి నేరుగా వస్తుంది.

వాళ్లు చేయనివి కూడా చెప్పాలి. హమాలీ కూలీ లెక్క, గన్నీ సంచుల లెక్క ఇప్పటికీ పుస్తకంలోనే ఉన్నాయి. అవి బాగానే నడుస్తున్నాయి కదా సార్, వాటిని ఎందుకు కదపడం అన్నారు. సేటుకు నచ్చలేదు, డబ్బులిస్తున్నప్పుడు అన్నీ చేయాలి కదా అన్నారు. అప్పుడు ఆ అమ్మాయి బ్రిటన్ ప్రభుత్వం సంగతి చెప్పింది. అక్కడ సర్కారు సేవలన్నీ ఆన్‌లైన్‌లోకి తేవడానికి ఒక విభాగం ఉంది, వాళ్లు 2012లో పది సూత్రాలు రాసుకున్నారు, మొదటిది వాడే మనిషి అవసరంతో మొదలుపెట్టమని, రెండోది తక్కువ పని చేయమని. తక్కువ అంటే బద్ధకం కాదు, ప్రభుత్వం మాత్రమే చేయగలిగింది ప్రభుత్వం చేయాలి, మిగతాది ఉన్నదాన్ని వాడుకోవాలి అని. నేను తర్వాత ఆ పదీ చదివాను. మిల్లుకు రాసినట్టే ఉన్నాయి. అకౌంట్లకు మేము వాడే ట్యాలీని ముట్టుకోలేదు, అందులోకి రోజువారీ లెక్కలు పోయేట్టు ఒక దారి వేశారు, అంతే.

వానకాలం సీజన్ మొత్తం నోట్‌బుక్, ట్యాబ్ రెండూ నడిపించారు. డబుల్ పని అని మావాళ్లు సణిగారు, న్యాయమే. దానికి వాళ్లు చేసిందేమిటంటే, మొదటి మూడు వారాలు రాత్రి షిఫ్టులో వాళ్లలో ఒకరు వచ్చి నోట్‌బుక్ తామే రాశారు. కాంటా అన్న ట్యాబ్ కొడతాడు, బీటెక్ చదివిన అబ్బాయి పక్కన కూర్చుని పెన్నుతో పుస్తకం రాస్తాడు. అది చూశాక సణుగుడు ఆగిపోయింది.

అదే సీజన్‌లో కొనుగోలు కేంద్రాల్లో సన్నాలకు సర్కారు క్వింటాలుకు 500 బోనస్ ఇచ్చింది. అప్పుడు గ్రేడ్ ఏ రకం వడ్లకు మద్దతు ధర 2320, బోనస్‌తో 2820. రైతు అటు పోవాలా, ఆరబెట్టే పని లేకుండా ఇటు రావాలా అని లెక్క వేసుకుంటాడు, అందుకే మా దగ్గర రేట్లు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. మొదట పెట్టిన స్క్రీన్‌లో రేటు రోజుకు ఒక్కసారే మార్చే వీలుంది. సాయంత్రం ఆరింటికి చెప్పాను, తెల్లారేసరికి గంట గంటకు మార్చుకునేట్టు, మార్చినవాళ్ల పేరు పడేట్టు చేసిపెట్టారు. కొటేషన్ రాలేదు.

ఇక మొదటి నెల చివర ఒక టెన్షన్ వచ్చింది. పాత రిజిస్టర్‌లో నెలకు ఆరో ఏడో పొరపాట్లు ఉండేవి. కొత్త పద్ధతిలో ఆ నెల 41 పడ్డాయి. సేటు కోపంతో ఊగిపోయారు. లక్షలు పెట్టి తప్పులు పెంచుకున్నామా అన్నారు. నాకూ ఏం చెప్పాలో తెలియలేదు. అమ్మాయి మాత్రం తొణకలేదు, ఒక విషయం చెప్పింది. హార్వర్డ్‌లో ఎమీ ఎడ్మండ్సన్ అని ప్రొఫెసర్, ఆస్పత్రుల్లో నర్సుల బృందాలు మందులు ఇవ్వడంలో చేసే పొరపాట్ల మీద పరిశోధన చేశారు, 1996లో అచ్చయింది. మంచి బృందాల్లో తక్కువ తప్పులు ఉంటాయనుకుని చూస్తే ఎక్కువ కనిపించాయి. కారణం, అక్కడ నర్సులు భయం లేకుండా చెప్పుకుంటున్నారు, మిగతా చోట్ల దాచుకుంటున్నారు. "సార్, 41 కొత్తగా పుట్టినవి కావు. ఇన్నాళ్లూ మీకు 35 కనపడలేదు" అంది. సేటు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, రెండు నెలల పాటు ఎవరైనా తన తప్పు తానే చెప్తే కూలీ కోత ఉండదని గేటు దగ్గర బోర్డు మీద రాయించారు. ఆ రెండు నెలలు అయిపోయాక కూడా బోర్డు తీయలేదు. సేటు మీద నాకు ఎప్పుడూ గౌరవమే, ఆ బోర్డుతో ఇంకా పెరిగింది.

బోర్డు పెట్టిన నాలుగో రోజు కాంటా దగ్గర రాత్రి షిఫ్టు చేసే కుర్రాడు నా దగ్గరికి వచ్చాడు. నిండు బండి తూకం వేసినప్పుడు డ్రైవర్ సీటు మీదే ఉన్నాడట, ఖాళీ బండి వేసినప్పుడు దిగిపోయాడట. అంటే డ్రైవర్ బరువు కూడా వడ్ల లెక్కలో కలిసిపోయింది. నాలుగు బండ్లకు అలా అయిందని చెప్పాడు. బోర్డు లేకపోతే ఆ పిల్లాడు నోరు విప్పేవాడు కాదు. స్క్రీన్ మీద "డ్రైవర్ దిగాడా" అని ఒక ప్రశ్న పెట్టమన్నాను. టీమ్‌వాళ్లు వద్దన్నారు, ప్రతి గడికీ లైనులో టైము పోతుంది, నాలుగు రోజులకు చూడకుండానే అవును కొట్టేస్తారు అన్నారు. ఆ కుర్రాడే ఉపాయం చెప్పాడు. కాంటా పక్కన కరెంటు స్తంభం కింద పసుపు రంగుతో గడి గీద్దాం, డ్రైవర్ రెండుసార్లూ దిగి అందులో నిలబడాలి, కిటికీలోంచి నాకు కనపడతాడు అన్నాడు. 200 రూపాయల రంగు డబ్బాతో పనైపోయింది. కొత్త ఆలోచన రావాలంటే ట్రైనింగులు, వర్క్‌షాపులు పెట్టాలనుకుంటాం. ముందు ఆ పిల్లాడికి మన గదిలోకి వచ్చే ధైర్యం ఉందో లేదో చూసుకోవాలి.

టయోటా ఫ్యాక్టరీల్లో లైను మీద పనిచేసే ఎవరైనా తేడా కనపడితే తాడు లాగి గానీ బటన్ నొక్కి గానీ పని ఆపించవచ్చు, ఆందోన్ అంటారు. మేస్త్రీ ఫోన్‌లో "ఆపు" అనే ఎర్ర బటన్ అక్కడి నుంచి తెచ్చిన ఆలోచనే. అది నొక్కితే ఆ ట్రాలీ దిగుమతి ఆగిపోతుంది, నేను వెళ్లి చూసేదాకా సేటు చెప్పినా మొదలుకాదు. నవంబర్‌లో మేస్త్రీ దాన్ని 11 సార్లు నొక్కాడు. తొమ్మిది సార్లు ఆయనదే కరెక్ట్. మిగతా రెండుసార్లు కూడా ఆయన్ను ఒక్క మాట అనలేదు, అనకూడదని ముందే మాట్లాడుకున్నాం.

రైతు చేతికిచ్చే చిట్టీ గురించి కూడా రాయాలి. తేమకు, తాలుకు ఎంత తరుగు తీశామో చిట్టీ మీద విడిగా అచ్చు వేయాలని టీమ్ పట్టుబట్టింది. ఇన్నేళ్లూ మేము మొత్తం తీసేసి నికర బరువు మాత్రమే రాసేవాళ్లం. సేటు ఒప్పుకోలేదు, రైతులు ప్రతి కిలోకూ గొడవ పెట్టుకుంటారన్నారు. ఇప్పుడు గొడవలు లేవా? ఉన్నాయి. కానీ అవి చిట్టీ చూపించి ఐదు నిమిషాల్లో తేలే గొడవలు. దామరచర్ల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చిట్టీని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, తరుగు అని ఉన్న చోట వేలు పెట్టి, "ఇది రాసిచ్చినోడు మోసం చెయ్యడు" అని మడిచి అంగీ జేబులో పెట్టుకున్నాడు. పట్టీ, అంటే డబ్బుల లెక్క కాగితం కూడా బండి గేటు దాటకముందే చేతికి వస్తోంది, ఇదివరకు మర్నాడు రమ్మనేవాళ్లం.

ఇప్పుడు తగ్గించిన స్టార్ సంగతి. మా హమాలీల్లో సగానికి పైగా బిహార్ వాళ్లు. మూడు రోజులు మా మధ్యే కూర్చున్న టీమ్ ఆ సంగతి చూసింది, అయినా యాప్‌లో తెలుగు, ఇంగ్లిష్ మాత్రమే పెట్టింది. హిందీ వచ్చేసరికి జనవరి అయింది, అంటే మొదటి సీజన్ మొత్తం వాళ్లు తమ మాట మేస్త్రీ నోటితోనే చెప్పించుకున్నారు. వాడే మనిషితో మొదలుపెట్టాలని మాకు చెప్పినవాళ్లు అక్కడ తామే తప్పారు. ముఖం మీదే చెప్పాను, ఒప్పుకున్నారు.

ప్యాకింగ్ సెక్షన్‌లో ఇంకా అన్యాయం జరిగింది. అక్కడ పనిచేసే ఆడవాళ్లు రెండు షిఫ్టులు. ట్రైనింగ్ పగటి షిఫ్టుకే ఇచ్చారు, రాత్రి షిఫ్టు అక్కలు పక్కవాళ్లను చూసి నేర్చుకోవాల్సి వచ్చింది. లేబుల్ తప్పులు ఎక్కువ పడింది ఆ షిఫ్టులోనే, మాట పడింది కూడా వాళ్లే. మే నెలలో గాలివానకు నెట్ పోయినప్పుడు ట్యాబ్‌లో ఎంట్రీలు నిలిచి ఉన్నాయి, అది మెచ్చుకోవాలి, కానీ నెట్ వచ్చాక 12 చిట్టీలు రెండేసి సార్లు పడ్డాయి, అవి విడదీయడానికి సగం రోజు పోయింది. చివర్లో ఇంగ్లిష్‌లో 46 పేజీల రిపోర్టు ఇచ్చారు, దాన్ని మిల్లులో చదవగలిగేది ఇద్దరం. నాలుగు పేజీలు తెలుగులో రాసి గోడకు అంటించి ఉంటే అందరికీ ఉపయోగపడేది.

ఖర్చు అడుగుతారు కాబట్టి: మాకు మొత్తం పని 1,80,000, నెలకు 4,000, రెండు ట్యాబ్‌లు, ప్రింటర్ మా డబ్బులతోనే. మూడు విడతలుగా ఇచ్చాం, ఆఖరి విడత సీజన్ గడిచాకే. ఒప్పందంలో రాయించుకోవాల్సిన మాట ఒకటుంది, మరిచిపోకండి. మానేసిన రోజు మన లెక్కలన్నీ ఎక్సెల్ ఫైల్‌గా మన చేతికి ఇవ్వాలి, దానికి విడిగా డబ్బు అడగకూడదు. 2022లో మేము ఇది రాయించుకోలేదు, ఆ మూడు రోజుల ఎంట్రీలు ఇప్పటికీ రాలేదు. సర్కారు వడ్లు ఆడించే మిల్లులైతే ఆ స్టాకు వేరే లెక్కగా చూపించే వీలుందో లేదో కూడా ముందే అడగండి. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 సర్కారుకు అప్పజెప్పాలి, ఆ లెక్క మన సొంత స్టాకుతో కలిస్తే తనిఖీ రోజున ఎవరూ ఆదుకోరు. ఈ టీమ్ దాన్ని మొదటి రోజు నుంచే విడిగా పెట్టింది.

బుధవారం మళ్లీ వచ్చారు, ప్యాకింగ్ సెక్షన్ పని మొదటి నుంచి చేస్తామని. రాత్రి షిఫ్టు అక్కలకు ఏ తేదీన, ఎన్ని గంటలు నేర్పుతారో రాసివ్వమన్నాను. కాంటా గదిలోనే కూర్చుని రాసిచ్చారు. ఆ కాగితం ప్యాకింగ్ గది తలుపుకు అంటించాను. రాత్రి షిఫ్టులో పెద్దామె చదివించుకుని, ఆ రోజు మనవరాలి పుట్టినరోజు ఉంది, ఒకరోజు ముందుకు జరపమనండి అంది. జరిపారు.